ఇసుక, నీరు, ఒక సంతకము

ఢిల్లీలో స్థిరపడిన తెలుగువారిని ఉత్తరాది మిత్రులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి కలదు. "మీది సముద్రతీరము గదా, మీకు ఈత బాగా వచ్చునేమో?" అని. ముప్పది అయిదేండ్లుగా ఈ ప్రశ్నకు చిరునవ్వుతో సరిపెడుతూ వచ్చాము. మేము దివిసీమవారమన్న మాట నిజము. చిన్నతనంలో సముద్రపు హోరు విన్న మాటయు నిజమే. కాని యాభై నాలుగేండ్లు వచ్చు వరకు మోకాలు దాటిన నీటిలో దిగలేదన్న మాట ఏ మిత్రునికీ చెప్పలేదు.

మన పత్రికలోని తెలుగు విభాగానికి క్రీడలపై ఏదైనా వ్రాయవలసినదిగా సంపాదకవర్గము వారు కోరినారు. క్రికెట్టును గురించి, చదరంగమును గురించి వ్రాయగలవారు మన సంస్థలో పలువురు కలరు. కావున ఎవ్వరును అంతగా ముట్టని ఇసుక ఆటలను, నీటి ఆటలను గురించి వ్రాయుదమనుకొన్నాము. కలము పట్టిన పిమ్మట గాని తెలియలేదు, చెప్పవలసినది ఆటలను గురించి మాత్రమే కాదని.

ఢిల్లీకి సముద్రము లేదు. ఏ తీరానికి పోవలెనన్నను రైలులో ఒక పగలు, ఒక రాత్రి గడవవలసినదే. ఇక్కడ "బోట్ క్లబ్" అను పేరు విని, కొత్తగా వచ్చిన రోజులలో ఒక ఆదివారము పడవలు చూడబోయాము. ఇండియా గేటు దాపున పొడవాటి నీటి తొట్లు, వాటిలో నాలుగు పడవలు ఉన్నవి. పెద్దలు మాత్రము ఆ పేరు చెప్పగానే 1988లో రైతులు రోజుల తరబడి బైఠాయించిన సంగతినే జ్ఞాపకము చేసుకొనేవారు. పడవలకంటె నినాదాలకే ప్రసిద్ధి కెక్కిన బోట్ క్లబ్ మరియొకటి ఉండదేమో!

అయినను, నీటి ఆటలలో ఢిల్లీకి ఒక గౌరవము కలదు. 1951 మార్చిలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగినది ఈ నగరంలోనే. ఆ క్రీడలలో భారతదేశానికి లభించిన తొలి స్వర్ణము పరుగుపందెంలో కాదు, హాకీలో కాదు, ఈతలో. 100 మీటర్ల ఫ్రీస్టైల్ పందెంలో సచిన్ నాగ్ దానిని గెలిచినారు. ఆ యేడే వాటర్ పోలోలోను మనవారు స్వర్ణము పొందినారు. 1982లో ఆసియా క్రీడలు మరల ఢిల్లీకి వచ్చినపుడు ఈత పందెములు తాల్‌కటోరాలో జరిగినవి గాని, పడవ పందెములకు జైపూరు వద్ద గల రామ్‌గఢ్ సరస్సునకు, తెరచాప పడవలకు బొంబాయికి పోవలసి వచ్చినది. ఆ రామ్‌గఢ్ సరస్సు తరువాతి కాలంలో ఎండిపోయినది. 1986లో సియోల్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఈతలో రజతము తెచ్చిన ఖజాన్ సింగ్ ఢిల్లీలోని మునీర్కా గ్రామము వారు. నీరు తక్కువైన చోట కూడ ఈతగాండ్రు పుట్టగలరు. నీరు నిండుగా ఉన్న చోట పుట్టిన మావంటివారు ఒడ్డున నిలిచిపోగలరు.

ఆసియా క్రీడలు అందరికి తెలిసినవే. వాటికి చెల్లెలి వంటివి ఆసియా బీచ్ క్రీడలు. ఆసియా ఒలింపిక్ మండలి ఆధ్వర్యమున మొదటిసారి ఇవి 2008 అక్టోబరులో ఇండోనేషియాలోని బాలి ద్వీపంలో జరిగినవి. పిమ్మట 2010లో మస్కట్‌లోను, 2012లో చైనాలోని హైయాంగ్‌లోను, 2014లో థాయిలాండులోని ఫుకెట్‌లోను, 2016లో వియత్నాంలోని దనాంగ్‌లోను జరిగినవి. 2020లో చైనాలోని సాన్యాలో జరుగవలసిన ఆరవ పోటీలు కోవిడ్ కారణముగా వాయిదా మీద వాయిదా పడి 2026 ఏప్రిల్ వరకు జరిగిపోయినవి. మన దక్షిణాసియా దేశాలకు ప్రత్యేకముగా 2011 అక్టోబరులో శ్రీలంకలోని హంబన్‌తోటలో బీచ్ క్రీడలు జరిగినవి. మన దేశంలోను ఈ ఆటలకు గుర్తింపు వచ్చి, 2025 మేలో డయ్యూలోని ఘోఘ్లా తీరాన మొదటి ఖేలో ఇండియా బీచ్ క్రీడలు నిర్వహించినారు.

బీచ్ వాలీబాల్, బీచ్ ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్, కబడ్డీ, సెపక్ తక్రా, కుస్తీ, తెరచాప పడవలు, బహిరంగ సముద్రంలో దూరపు ఈత వంటివి ఇందులో కనిపించును. పేద దేశాలకు కూడ అనువైన క్రీడలివి. పెద్ద స్టేడియములు అక్కరలేదు. కబడ్డీకి ఇసుక మీద నాలుగు గీతలు చాలును. ఇసుకపై ఒక్కొక్క జట్టున నలుగురే బరిలో ఉందురు. 2008 నుండి 2016 వరకు జరిగిన అయిదు పోటీలలోను మహిళల కబడ్డీ స్వర్ణము భారతదేశానిదే. పురుషులు మాత్రము 2016లో తుది పోటీలో పాకిస్తాన్ చేతిలో ఓడి రజతముతో సరిపెట్టుకొన్నారు. మన స్త్రీల ఈ అయిదు స్వర్ణములను గురించి క్యాంటీనులో ఎవరినైనా అడిగి చూడుడు. క్రికెట్టు సరాసరులు కంఠతా చెప్పువారు కూడ తెల్లముఖము వేయుదురు.

2008లో బాలి పోటీలలో ఇసుకపై కబడ్డీ అను వార్త పత్రికలో చదివినపుడు మాకు మొదట జ్ఞాపకము వచ్చినది మా మేనమామ. నాగాయలంకకు సమీపాన గల మా అమ్మమ్మగారి ఊరిలో, సెలవులకు పోయినపుడెల్ల, ఆయన మమ్ములను భుజముపై ఎక్కించుకొని హంసలదీవికి తీసుకొని పోయేవాడు. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు అది. అక్కడ తడి ఇసుకపై కాలితో గీత గీసి ఊరి యువకులు చెడుగుడు ఆడేవారు. మా మామ కూతకు వెళ్ళినాడంటే ఊపిరి విడువకుండ అవతలి గీత వరకు పోయి వచ్చేవాడు. ఆట ముగియగానే అందరును నీటిలో దూకేవారు. మేము ఒడ్డున వారి చొక్కాలకు కాపలా. "వచ్చే యేడు నీకు ఈత నేర్పుతానురా" అని ప్రతి యేడును అనేవాడు. ఆ వచ్చే యేడు రాలేదు.

ఆ సంగతికి ముందు మా ఇసుక మైదానము కథ చెప్పవలెను, రెండును ఒకదానితో ఒకటి ముడివడి ఉన్నవి గనుక.

2014 నవంబరులో ఫుకెట్ పోటీలు జరుగుతున్న రోజులలో, మన నోయిడా టౌన్‌షిప్పులో పిల్లలకు ఒక ఇసుక వాలీబాల్ మైదానము ఏర్పాటు చేయవలెనని క్రీడా సంఘము వారు తీర్మానించినారు. సివిల్ విభాగంలో ఉన్నందున ఆ పని మాకు అప్పగించినారు. సముద్రము లేని ఊరిలో ఇసుక ఆట ఏమిటని నవ్వినవారు లేకపోలేదు. కాని బీచ్ వాలీబాల్ ఒలింపిక్స్‌లో పతక క్రీడగా అడుగు పెట్టినది 1996లో, సముద్రానికి దూరమైన అట్లాంటాలో. 2012లో లండన్ నడిబొడ్డున హార్స్ గార్డ్స్ పరేడ్ మైదానంలో ఇసుక పోసి ఆడించినారు. 2024లో పారిస్‌వారు ఈఫిల్ టవర్ పాదము చెంతనే ఆడించినారు. తీరము లేనివారు తీరమును తెచ్చుకొనవచ్చును.

లెక్క చూచుకొన్నాము. ఆట గీతల లోపల 16 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. చుట్టును 3 మీటర్ల ఖాళీ. వెరసి 22కు 14. లోతు 40 సెంటీమీటర్లకు తగ్గరాదు. అనగా సుమారు 123 ఘనపు మీటర్ల ఇసుక, బరువులో 200 టన్నులకు దగ్గర. రాయల్టీ రసీదు లేని ఇసుక లారీని గేటు లోపలికి రానీయరాదని షరతు పెట్టుకొన్నాము. నదులను తోడివేసే వ్యాపారము ఈ ప్రాంతంలో ఎంత పెద్దదో నిర్మాణ రంగంలో ఉన్నవారందరికి తెలియును.

ఇసుకను గురించి ఇరువదినాలుగేండ్ల అనుభవము గలవారము గదా, ఎవరిని అడుగుదుము? ఢిల్లీ కాంట్రాక్టర్లు "బదర్‌పూర్" అనే ముతక ఇసుకను తెప్పించి పోయించినాము. ఐ.ఎస్. 383 ప్రకారము జల్లెడ పట్టి పరీక్షించినాము. రెండవ జోనులో చక్కగా కూర్చున్నది. అధికారులు వచ్చి టెంకాయ కొట్టినారు. మొదటి ఆదివారమే ముగ్గురు పిల్లల మోకాళ్ళు చీరుకొనిపోయినవి. పదిరోజులలో మైదానము రోలరు తొక్కించిన రోడ్డు వలె గట్టిపడినది.

శ్రీకాకుళము జిల్లా బారువ తీరము నుండి వచ్చిన అప్రెంటిస్ కుర్రవాడొకడు అప్పుడు మా విభాగంలో ఉండేవాడు. చేపలు పట్టే కుటుంబము. అతడు గుప్పెడు ఇసుక తీసి, వ్రేళ్ళ నడుమ నలిపి, సంకోచిస్తూ అన్నాడు: "సార్, ఇది ఇల్లు కట్టే ఇసకండి. ఆడే ఇసక గుండ్రంగా ఉంటాది. గుప్పెట్లో నిలవదు, జారిపోతాది."

చెంప ఛెళ్ళుమన్నట్లయినది. కాంక్రీటుకు కావలసినది కోణాలు తేలి, పెద్దవి చిన్నవి కలిసిన రేణువులు. పెద్ద రేణువుల సందులను చిన్నవి పూడ్చి, ఒకదానినొకటి పట్టుకొని కదలకుండ నిలుచుటయే దాని గుణము. ఆటకు కావలసినది సరిగ్గా దీనికి విరుద్ధము. రేణువులన్నియు ఇంచుమించు ఒకే పరిమాణంలో, అంచులు అరిగి నునుపై ఉండవలెను. అప్పుడే అవి ఒకదానిపై నొకటి జారి, పడినవానికి దెబ్బ తగులకుండ తాము ప్రక్కకు తొలగును. ఇల్లు కట్టుటకు శ్రేష్ఠమైనదే పిల్లలు పడి లేచుటకు చెడ్డది. మేము మంచి ఇసుకనే తెచ్చినాము, చెడ్డ చోటికి తెచ్చినాము.

రెండవసారి "జమునా ఇసుక" ప్రయత్నించినాము. మెత్తగానే ఉన్నది గాని, అందులోని ఒండ్రు మొదటి వానకే అడుసయి, ఎండకు పెంకు కట్టినది. చివరకు ఎగువ నుండి వచ్చే నది ఇసుకను తెప్పించి, కడిగించి, అర మిల్లీమీటరు, ఒక మిల్లీమీటరు జల్లెడల మధ్య నిలిచినదానిని మాత్రమే ఉంచినాము. అడుగున కంకర, దానిపై నీరు దిగి ఇసుక దిగని గుడ్డ పరచినాము. ఆ పనియంతయు బారువ కుర్రవాని పర్యవేక్షణలోనే జరిగినది. ఫైలులో సంతకము మాత్రము మాది.

ఆ మైదానము మాకు మరికొన్ని పాఠములు నేర్పినది. ఇసుక వాలీబాల్ బంతిలో గాలి పీడనము హాలులో ఆడే బంతికంటె తక్కువ. అక్కడ చదరపు సెంటీమీటరుకు 0.30 కిలోలు దాటి ఉండగా, ఇక్కడ 0.175 నుండి 0.225 వరకే. గాలి వీచే చోట గట్టిగా బిగించిన బంతి ఆటగానికి లొంగదు. మరియొక నియమము ఇంకను బాగున్నది. ప్రతి ఏడు పాయింట్లకు జట్లు తావులు మార్చుకొనవలెను. ఎదురెండ, ఎదురుగాలి ఒక్క జట్టుకే మిగిలిపోకుండ చేసిన ఏర్పాటు అది. మన ఆఫీసులలో బదిలీల విధానము ఈ సూత్రముపై నడచిన ఎంత బాగుండునో గదా అని క్రీడా సంఘ కార్యదర్శితో హాస్యమాడినాము. ఆయన నవ్వలేదు. అప్పటికి ఆయన ఎదురెండ వైపు ఎనిమిదేండ్లుగా ఉన్నారు.

ఇక అసలు సంగతి.

1977 నవంబరు 19, శనివారము. మాకు తొమ్మిదేండ్లు. నాన్నగారి ఉద్యోగరీత్యా గుడివాడలో ఉండేవారము. మా అమ్మ మాత్రము వదినగారి సీమంతానికని పుట్టింటికి వెళ్ళియున్నది. ఆనాడు దివిసీమను ముంచిన ఉప్పెనను గురించి తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. తాటిచెట్టు మొవ్వు తాకేటంత నీటి గోడ ఊళ్ళమీదుగా నడచిపోయినది. అధికార లెక్కల ప్రకారమే 10,000 మంది వరకు పోయినారు. అంతకంటె ఎక్కువని ఆ ప్రాంతము వారు ఈనాటికిని చెప్పుదురు. ఆరవ నాడు నాన్నగారు అమ్మను తీసుకొని వచ్చినారు. ఆమె చేతులపై, రొమ్ముపై తాటి బెరడు చీరిన గాయములు. మా మామ, అత్త రాలేదు. ఏమి జరిగినదో అమ్మ చెప్పలేదు. మేము అడుగలేదు. ఆనాటి నుండి మా ఇంట సముద్రము అను మాట వినిపించలేదు. కాలువ గట్టుకు కూడ మమ్ములను పోనీయలేదు. కాలేజీలో ఉన్నపుడు మిత్రులు విశాఖపట్టణము విహారానికి పోయిన ప్రతిసారియు మాకు ఏదో ఒక జ్వరము వచ్చేది.

ఈ భయమును మేము మా అమ్మాయికి ఇయ్యలేదనుకొన్నాము. ఢిల్లీలో ఆమె చదివిన పాఠశాలలో ఈత కొలను ఉన్నది. పాఠ్యక్రమంలో భాగము గనుక కాదనలేదు. కొలనుకు గోడలుండును, లోతు వ్రాసి ఉండును, కాపలాదారు ఉండును. ఇంజనీరు మనస్సుకు అది నచ్చినది. అమ్మాయి పదిహేనేండ్లకే గంటల కొలది ఆగకుండ ఈదగలిగినది. 2015 జూన్‌లో ఆమె శిక్షకులు ఒక ఫారము ఇచ్చి పంపినారు. పశ్చిమతీరాన మూడు వారముల పాటు సముద్రపు ఈతలో శిక్షణ శిబిరము. తలిదండ్రుల సమ్మతి కావలెను. అమ్మాయికి కొలను చాలదని, దూరపు ఈతకు తగిన ఊపిరి ఉన్నదని ఆయన స్వయముగా ఫోను చేసి చెప్పినారు. ఆసియా పోటీలకు పంపుదుమని అనలేదు. దారి అటువైపు కలదని మాత్రమే అన్నారు.

ఆ ఫారము పదునొకండు రోజులు టీవీ మీద ఉన్నది. మేమును, మా శ్రీమతియు ప్రతి రాత్రి దానిని గురించి మాట్లాడుకొన్నాము. పదవ తరగతి చదువు పాడగునన్నాము. ఎండకు నల్లబడునన్నాము. ఆడపిల్లను మూడు వారములు ఎట్లు పంపుదుమన్నాము. చెప్పిన కారణములన్నియు బదర్‌పూర్ ఇసుక వంటివి. ఒకదాని సందును ఒకటి పూడ్చి గట్టిగా కూర్చున్నవి. అసలు కారణము మాత్రము ఇద్దరిలో ఒక్కరమును పైకి అనలేదు. గడువు దాటిపోయినది. అమ్మాయి ఏడ్వలేదు, అడుగలేదు. ఒక ఉదయము ఫారము మడిచి పుస్తకంలో పెట్టుకొన్నది. ఆ తరువాత నెలకు కొలనుకు పోవుట కూడ మానివేసినది. "చదువుకోవాలి గదా నాన్నా" అన్నది. మా మాటనే మాకు తిరిగి అప్పగించినది.

2016 సంక్రాంతి నాడు టౌన్‌షిప్పులోని తెలుగు కుటుంబములన్నియు ఆ ఇసుక మైదానము వద్ద కలిసినవి. పొగమంచు విడిచి, మధ్యాహ్నము కొంచెము ఎండ కాసినది. ముగ్గుల పోటీ అయిన తరువాత బారువ కుర్రవాడు కాలితో గీత గీసి పిల్లలచేత చెడుగుడు ఆడించినాడు. డెబ్బదేండ్ల మా అమ్మ కుర్చీలో శాలువ కప్పుకొని కూర్చుండి చూస్తున్నది. ఒక పిల్లవాడు కూత విడువకుండ గీత దాకినపుడు ఆమె నోట "అచ్చం మా తమ్ముడే" అన్న మాట వచ్చినది. ముప్పది యెనిమిదేండ్ల తరువాత మొదటిసారి.

ఆ సాయంత్రము తానే మాట ఎత్తినది. "పిల్ల ఈత మానేసిందట, ఎందుకురా?" అన్నది. చదువని చెప్పినాము. ఆమె కొంతసేపు ఊరకున్నది.

"మీ మావయ్యకి ఈతొచ్చు. ఊళ్ళో వాడంత ఈతగాడు లేడు. వాడు పోయాడు. నీళ్ళంటే వణికే నేను తాడిచెట్టు కరుచుకుని బతికాను. దానికేం లెక్క ఉందిరా? ఆ రోజు మేమెవ్వరం సముద్రం దగ్గరికి పోలేదు. తలుపులేసుకుని ఇంట్లో కూర్చున్నాం. అదే మా ఇంటికొచ్చింది. పిల్లని ఒడ్డున కూర్చోబెడితే ఏమొస్తుంది?"

మేము బదులు చెప్పలేకపోయినాము. జీవితమంతయు భద్రతా గుణకములు లెక్కించినవారము. ప్రమాదమునకు దూరముగా ఉండుటయే భద్రత అని నమ్మినవారము. నీటిని ప్రత్యక్షముగా చూచి వచ్చిన మనిషికి ఆ నమ్మకము లేదు. చూడని మాకే ఉన్నది. ఆమె భయము ఆమెది. దానిని పెంచి, పోషించి, తరువాతి తరానికి కారణములతో సహా అందించినది మేము.

అమ్మాయి వద్దకు పోయి, మరుసటి యేడు శిబిరానికి పంపుదుమని చెప్పినాము. ఆమె మర్యాదగానే విన్నది. కాని క్రీడలలో ఒక యేడు అనగా ఆఫీసులో ఒక యేడు వంటిది కాదు. ప్రవేశ పరీక్షల చదువులు వచ్చినవి. శిక్షకులు వేరొక చోటికి వెళ్ళిపోయినారు. మరల ఈదుట ప్రారంభించినది గాని, పోటీలకు పోలేదు. ఆమె గెలిచి ఉండేదని మేము అనము. గెలుచునో లేదో తెలుసుకొనే అవకాశము ఆమెకు లేకుండ చేసినామని మాత్రము ఒప్పుకొనుచున్నాము. సంతకము ఒక్కటే కావలసినది. భయము ఇద్దరిది.

అమ్మ 2019లో గతించినది. 2021 మార్చిలో ఒక వార్త చదివినాము. హైదరాబాదుకు చెందిన గోలి శ్యామల అను మహిళ, నలుబది దాటిన పిమ్మట ఈత నేర్చి, శ్రీలంక నుండి మన తీరము వరకు పాక్ జలసంధిని సుమారు 30 కిలోమీటర్లు, దాదాపు 14 గంటలలో ఈదినదని. ఆ పత్రిక ముక్కను కత్తిరించి అమ్మాయికి చూపినాము. ఆమె దానిని చదివి, "మీరెప్పుడు మొదలు పెడతారు నాన్నా?" అన్నది.

2022 వేసవిలో యాభై నాలుగేండ్ల వయస్సున, ఏడెనిమిదేండ్ల పిల్లల బ్యాచిలో చేరినాము. నీటిలో ముఖము పెట్టుటకే రెండు వారములు పట్టినది. ఆర్కిమెడీస్ సూత్రము పరీక్షలలో ఎన్నిసార్లు వ్రాసినామో లెక్కలేదు. అది నిజమని శరీరము నమ్మిన రోజు మాత్రము అదే మొదటిసారి. ఊపిరి నిండుగా పీల్చి కదలకుండ ఉన్నచో నీరు మనిషిని తేల్చును. కొట్టుకొన్న కొలది ముంచును. నేడు 25 మీటర్లు ఆగకుండ పోగలము. ప్రక్క వరుసలోని ఏడేండ్ల పాప అప్పటికి నాలుగుసార్లు పోయి వచ్చును.

2023 జూలైలో యమునానది పాత రైలు వంతెన వద్ద 208.66 మీటర్లకు చేరినది. 1978 నాటి 207.49 మీటర్ల రికార్డును దాటినది. మన విభాగంలోని ఒక కాంట్రాక్టు కార్మికుడు భార్యాబిడ్డలతో మయూర్ విహార్ వద్ద రోడ్డు ప్రక్కన గుడారంలో పది రోజులు గడిపినాడు. దుప్పట్లు పట్టుకొని వెళ్ళినపుడు అతడన్న మాట: "మేము నది దగ్గరకు పోలేదు సాబ్, నదే మా దగ్గరకు వచ్చింది." అతడు బీహారువాడు, హిందీలో అన్నాడు. మాకు మాత్రము అది దివిసీమ తెలుగులో వినిపించినది.

ఆ యేడు డిసెంబరులో అమ్మాయితో కలిసి హంసలదీవికి వెళ్ళినాము. నలుబదియారేండ్ల తరువాత. ఇసుక అక్కడనే ఉన్నది. గుప్పెట పట్టిన నిలువక జారినది. కొత్తగా ఈత నేర్చిన ఉత్సాహముతో మేము పంచె బిగించి నీటివైపు నడచినాము. అమ్మాయి మా మోచేయి పట్టుకొని ఆపినది. కాసేపు నిలబడి అలలను, ఒడ్డుకు కొట్టుకొని వచ్చే నురుగును, నది నీరు పోయే వాలును చూచి, "ఇక్కడ వద్దు నాన్నా. లాగుడు ఎక్కువగా ఉంది. మోకాలు దాటకండి" అన్నది.

మేము మోకాలి లోతులోనే నిలిచిపోయినాము. నలుబదియారేండ్లుగా నిలిచిన చోటనే. కాని ఇన్నాళ్ళు నిలిపినది భయము, ఆనాడు నిలిపినది తెలివి. నీరు తెలిసినవారు నేర్చుకొనే మొదటి పాఠము, ఎక్కడ దిగరాదో తెలుసుకొనుట అని అప్పుడు తెలిసినది. అంతటి తెలివి గల పిల్లకు ఆనాడు మేము రక్షణ పేరిట చేసినదేమిటో కూడ అప్పుడే పూర్తిగా తెలిసినది. ఆ మాట ఆమెతో అన్నాము. "ఇప్పుడెందుకు నాన్నా" అని, వంగి తడి ఇసుకలో కాలితో ఒక గీత గీసి, "రండి, కూత పెట్టండి" అన్నది. మూడు అడుగులలోనే మా ఊపిరి తెగిపోయినది. ఆమె పగలబడి నవ్వినది.

టౌన్‌షిప్పులోని ఇసుక మైదానము నేటికిని కలదు. ఏటేట కొత్త ఇసుక కలుపుతున్నారు. జూన్ ఎండలకు పాదములు కాలకుండ సాయంత్రము నీరు చల్లుతున్నారు. బారువ కుర్రవాడు ఇప్పుడు వేరొక యూనిట్‌లో టెక్నీషియన్. అక్కడ కూడ ఒక మైదానము తయారు చేయించినాడట. ఈసారి ఫైలులో అతని పేరే ఉన్నదని విని సంతోషించినాము.

క్రీడా సంఘము వారికి మా విన్నపములు రెండు. యూనిట్ల మధ్య జరిగే వార్షిక క్రీడలలో ఈతను, ఇసుక కబడ్డీని చేర్చుడు. ఉద్యోగుల పిల్లలకే గాక, కాంట్రాక్టు కార్మికుల పిల్లలకును ఈత నేర్పించుడు. నీరు ఎవరి ఇంటికి వచ్చునో ముందుగా తెలియదు.

తోటి ఉద్యోగులైన తలిదండ్రులకు విన్నపము ఒక్కటే. మీ టీవీ మీద కూడ ఏదో ఒక ఫారము ఉండవచ్చును. వద్దనుటకు మీరు చెప్పే కారణములను ఒకసారి జల్లెడ పట్టి చూడుడు. అన్నింటి అడుగున మిగిలినది మీ భయము మాత్రమే అయినచో, గడువు దాటకముందే కలము తీయుడు.